ఎస్‌ఎంపీఎస్: కంప్యూటరు బయట పరీక్ష, వాడకం

ఇంటి కరెంటును తీసుకొని మదర్‌బోర్డుకు, డిస్కులకు, గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన తక్కువ వోల్టేజీ డీసీగా మార్చి ఇచ్చే ఇనుప డబ్బాను మన రిపేరు షాపుల్లో అందరూ ఎస్‌ఎంపీఎస్ అనే పిలుస్తారు. స్విచ్ నొక్కినా కంప్యూటరు కదలకపోతే మొదటి అనుమానం దాని మీదికే పోతుంది. అప్పుడు దాన్ని క్యాబినెట్ నుంచి విప్పి, పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ వైరుకూ నల్ల వైరుకూ మధ్య ఒక జెమ్ క్లిప్పు పెడతారు. ఫ్యాను తిరిగితే ఇది బాగానే ఉంది, బోర్డు పోయింది అంటారు. తిరగకపోతే ఇదే పోయింది అంటారు. ఈ పరీక్ష తేలిక, ఖర్చు లేనిది, జాగ్రత్తగా చేస్తే ప్రమాదమూ తక్కువే. కానీ దాని ఆధారంగా చెప్పే తీర్పుల్లో చాలావి నిలవవు. విడిగా ఆన్ చేసి చూస్తే పూర్తిగా చచ్చిన యూనిట్‌ను చాలావరకు గుర్తుపట్టవచ్చు. బతికి ఉన్న యూనిట్ కంప్యూటరును మోయగలదా లేదా అన్నది మాత్రం అలా తెలియదు. అది లోడు పెడితేనే బయటపడుతుంది. ఇదే యూనిట్‌ను కంప్యూటరుతో సంబంధం లేని పనులకు నడిపేటప్పుడు వచ్చే చిక్కులు కూడా ఎక్కువభాగం లోడు దగ్గరే మొదలవుతాయి.

ఆన్ చేయడానికి రెండు వైర్లు కలపాల్సిన అవసరం మొదటి నుంచీ లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ, 1984లో వచ్చిన పీసీ ఏటీలోనూ స్విచ్ నేరుగా ఇంటి కరెంటునే తెంపేది, కలిపేది. స్విచ్ వేస్తే సప్లై, అంటే ఈ ఎస్‌ఎంపీఎస్, ఆన్ అయ్యేది, అంతే. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ పద్ధతిని మార్చింది. గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ సప్లైలోని చిన్న సర్క్యూట్ ఒకటి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. అది ఊదా రంగు వైరులో వస్తుంది. అసలు పెద్ద సర్క్యూట్ మాత్రం మదర్‌బోర్డు నుంచి ఆజ్ఞ వచ్చేదాకా నిద్రలో ఉంటుంది. ఆ ఆజ్ఞ వెళ్లే దారే ఆకుపచ్చ వైరు. సప్లై తన లోపలి నుంచే దాన్ని 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. బోర్డు దాన్ని గ్రౌండుకు లాగితే, అంటే 0.8 వోల్టుల కంటే కిందికి దించితే, సప్లై మేలుకుంటుంది. వదిలేస్తే మళ్లీ పడుకుంటుంది. జెమ్ క్లిప్పు చేసేది బోర్డు చేసే ఆ పనినే. ప్రమాణం ప్రకారం ఆ వైరులో పారే కరెంటు 1.6 మిల్లీ ఆంపియర్లకు మించదు కాబట్టి ఆ రెండు పిన్నులు కలపడం వల్ల సప్లైకి హాని లేదు. అయితే ఆ మాట ఆ రెండు పిన్నులకే వర్తిస్తుంది. పసుపు వైరును నల్లదానికి తాకించి నిప్పురవ్వ వస్తుందా అని చూసే అలవాటు కొందరికి ఉంది. అది పరీక్ష కాదు, షార్ట్ చేయడం.

ఇప్పుడొచ్చే చాలా సప్లైలలో వైర్లన్నీ నల్లగానే ఉంటున్నాయి కాబట్టి రంగును కాక స్థానాన్ని నమ్ముకోవాలి. 24 పిన్నుల కనెక్టర్లో ఆజ్ఞ తీసుకునేది 16వ పిన్ను. 20 పిన్నుల పాత కనెక్టర్లో అదే 14వది. కనెక్టర్‌ను బోర్డుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న వరుసలో ఒక చివర నుంచి లెక్కిస్తే 16వ పిన్ను నాలుగోది అవుతుంది. రెండో చివర నుంచి పొరపాటున లెక్కిస్తే నాలుగో స్థానంలో దొరికేది 5 వోల్టుల లైను. ఈ తికమకను మల్టీమీటరుతో సులువుగా తప్పించుకోవచ్చు. సప్లైని ప్లగ్గుకు పెట్టి, వెనక స్విచ్ వేసి, ఇంకా ఏ పిన్నునూ కలపకుండా మీటరు నల్ల ముల్లును డబ్బా ఇనుముకు ఆనించి, ఎర్ర ముల్లుతో ఒక్కో పిన్నూ తాకుతూ పోవాలి. స్టాండ్‌బై స్థితిలో ఉన్న మంచి సప్లైలో 24 పిన్నులకు గాను రెండే రెండు చోట్ల వోల్టేజీ కనిపిస్తుంది. ఒకటి 9వ పిన్ను, అంటే స్టాండ్‌బై లైను. అది క్లిప్పు లేని వరుసలో ఉంటుంది. రెండోది 16వ పిన్ను, క్లిప్పు ఉన్న వరుసలో. కాబట్టి క్లిప్పు వరుసలో వోల్టేజీ చూపే ఒకే ఒక్క పిన్ను మనకు కావలసినది. దానికి అటూ ఇటూ ఉన్న 15, 17 రెండూ గ్రౌండే. రెండు పిన్నుల్లోనూ ఏమీ కనిపించకపోతే, కేబులూ స్విచ్చూ సరిగ్గా ఉన్నాయని ముందే తేల్చుకొని ఉంటే, జెమ్ క్లిప్పుతో పని లేకుండానే జవాబు దొరికినట్టు: స్టాండ్‌బై సర్క్యూట్ పోయింది. కంప్యూటరు ఆపి ఉన్నా రాత్రింబగళ్లు పనిచేసే భాగం ఇదొక్కటే కావడంతో దాని కెపాసిటర్లు ఎండిపోవడం కొత్త సంగతి కాదు. ఇక పిన్నులను కలపడానికి, తొడుగు తీసిన జెమ్ క్లిప్పు కంటే రెండు చివరలా మాత్రమే రాగి బయటపెట్టిన వైరు ముక్క మేలు. కలిపేది ప్లగ్గు తీసి ఉన్నప్పుడే.

సప్లై ఆన్ అయ్యాక మీటరు చెప్పే లెక్కలకు హద్దులున్నాయి. 12, 5, 3.3 వోల్టుల లైన్లు, స్టాండ్‌బై లైను తమ విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 దాకా, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 దాకా. నీలం వైరులో వచ్చే మైనస్ 12కి 10 శాతం దాకా సడలింపు ఉంది. బూడిద రంగు వైరు 8వ పిన్నుది. అన్ని లైన్లూ కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు సప్లై దాని మీద 5 వోల్టులు పెట్టి అంతా సిద్ధం అని బోర్డుకు చెబుతుంది. ఆ కబురు రాకపోతే ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా కంప్యూటరు లేవదు. ఫ్యాను మాత్రమే చూసేవాళ్లు ఈ వైరును మీటరుతో తాకరు. ఆ పరీక్షలోని మొదటి లోపం ఇదే.

పెద్ద లోపం మరొకటి. సప్లై లోపల అతి వోల్టేజీ రక్షణ ఉంటుంది, ఏదైనా తేడా వస్తే అదే ఆగిపోతుంది, ఆగలేదంటే బాగున్నట్టేగా అని ఒక వాదన ఉంది. అంకెలు ఈ వాదనకు సహకరించవు. 12 వోల్టుల లైను మామూలు హద్దు 12.6 అయితే, అతి వోల్టేజీ రక్షణ 15.6 వోల్టుల దాకా ఊరుకోవడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. మధ్యలో మూడు వోల్టుల మేర సప్లై తప్పులో ఉండి కూడా హాయిగా నడవగలదు. రక్షణ సర్క్యూట్ పని ఇల్లు తగలబడకుండా చూడటం, నాణ్యతకు పూచీ పడటం కాదు. పైగా మీటరు చూపేది సగటు వోల్టేజీని. డీసీ మీద తరగల్లా ఉండే ఎగుడుదిగుళ్లను, అంటే రిపుల్‌ను, అది పట్టుకోలేదు. 12 వోల్టుల లైనులో 120 మిల్లీవోల్టులకు, 5 వోల్టుల లైనులో 50 మిల్లీవోల్టులకు రిపుల్ మించకూడదని ప్రమాణం. దాన్ని చూడటానికి ఆసిలోస్కోపు కావాలి, లోడు కూడా కావాలి. ముసలిదైన కెపాసిటర్ ఖాళీగా ఉన్న సప్లైలో వోల్టేజీని చక్కగానే నిలబెడుతుంది. పది ఆంపియర్లు గుంజినప్పుడు అది నిలవలేదని తెలుస్తుంది. 2000 ప్రాంతంలో తయారైన మదర్‌బోర్డుల్లో, సప్లైలలో నాసిరకం కెపాసిటర్లు గుంపులు గుంపులుగా ఉబ్బి కారిపోయిన ఉదంతం ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరికీ గుర్తుంది. అలాంటి యూనిట్లు ఖాళీ పరీక్షలో నెగ్గి, కంప్యూటరులో పెట్టగానే రీస్టార్టులు మొదలుపెట్టేవి. వేడి సంగతి కూడా ఇలాంటిదే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు 10 డిగ్రీల వేడి పెరిగితే సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మూసిన క్యాబినెట్‌లో ఉండే వేడికీ, బల్ల మీద ఫ్యాను గాలిలో రెండు నిమిషాలు నడిచిన సప్లై చూసే వేడికీ పోలిక లేదు.

అయితే పరీక్షలో తప్పిన యూనిట్ అయినా కచ్చితంగా పోయినట్టేనా? అదీ ఎప్పుడూ నిజం కాదు. పాత డిజైన్లలో 5, 12 వోల్టుల లైన్లను ఒకే సర్క్యూట్ ఉమ్మడిగా అదుపు చేస్తుంది. ఒక లైను మీద లోడు ఉండి రెండోదాని మీద లేకపోతే రెండూ వ్యతిరేక దిశల్లో జారుతాయి. అసలు ఏ లోడూ లేకపోతే కొన్ని సప్లైలు లేవవు, లేచినా వెంటనే పడుకుంటాయి. ఇది ఊహ కాదు, ఐబీఎం స్వయంగా ఎదుర్కొన్న ఇబ్బంది. హార్డ్ డిస్కు లేకుండా అమ్మిన పీసీ ఏటీ యంత్రాల్లో, డిస్కు ఉండాల్సిన చోట 5 ఓములు, 50 వాట్ల పెద్ద రెసిస్టర్ ఒకటి బిగించి పంపేవారు. 12 వోల్టుల లైను నుంచి 2.4 ఆంపియర్లు గుంజి, 28.8 వాట్లు వేడిగా మార్చడం తప్ప దానికి మరో పని లేదు. కొనేవాడి డబ్బుతో అన్ని వాట్లు వృథా చేయడానికి సిద్ధపడ్డారంటే ఖాళీ సప్లై కుదురుగా ఉండదని వాళ్లకు ఎంత స్పష్టంగా తెలుసో అర్థమవుతుంది. ముప్పై ఏళ్ల తరవాత కూడా ఈ సమస్య తీరలేదు. 2013లో వచ్చిన ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు నిద్రలో ఉన్నప్పుడు 12 వోల్టుల లైను నుంచి 0.05 ఆంపియర్లే గుంజేవి. అప్పటిదాకా సప్లైలు కనీసం 0.5 ఆంపియర్ల లోడు ఉంటుందనే లెక్కతో తయారయ్యాయి. దాంతో ఏ సప్లై ఈ ప్రాసెసర్‌కు సరిపోతుందో కంపెనీలు జాబితాలు ప్రకటించాల్సి వచ్చింది. ముందు 12 వోల్టులు తయారుచేసి, దాని నుంచే 5, 3.3 వోల్టులను విడివిడి సర్క్యూట్లతో తీసే కొత్త డిజైన్లకు ఈ బాధ చాలా తక్కువ. ఫ్యాను విషయంలో మాత్రం కొత్తవే ఎక్కువ మోసం చేస్తాయి. లోడు తక్కువగా ఉన్నంతసేపూ ఫ్యాను తిరగకుండా తయారుచేసినవి ఇప్పుడు బోలెడు. అవి ఆన్ అయినా నిశ్శబ్దంగా కూర్చుంటాయి. రక్షణ సర్క్యూట్ ఒకసారి ట్రిప్ అయిన సప్లై కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. ప్లగ్గు తీసి కాసేపు ఆగి మళ్లీ పెడితే లేస్తుంది. కాబట్టి లేవని సప్లైని పారేసే ముందు చిన్న లోడు ఒకటి తగిలించి ఇంకోసారి చూడాలి.

లోడు పెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు. 12 వోల్టుల లైనుకు మోటారు వాహనాల బల్బులు బాగా పనికొస్తాయి. ఇండికేటర్లకు వాడే 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. హెడ్‌లైటు 55 వాట్ల హాలొజెన్ బల్బు సుమారు 4.6 ఆంపియర్లు. అలాంటివి నాలుగు వెలిగిస్తే 220 వాట్లు, అంటే మామూలు ఆఫీసు కంప్యూటరు గుంజేదాని కంటే ఎక్కువే. ఇక్కడ ఒక మెలిక ఉంది. చల్లగా ఉన్న ఫిలమెంటు రెసిస్టెన్సు వేడెక్కినప్పటి దానిలో సుమారు పదో వంతే. వెలిగే ముందు క్షణకాలం 4.6కు బదులు ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. నాలుగు బల్బులూ ఒకేసారి పెడితే మంచి సప్లై కూడా షార్ట్ అనుకొని ట్రిప్ అవుతుంది. అందుకే చిన్న బల్బుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలపాలి. 5 వోల్టుల లైనుకు 5 ఓముల సిమెంటు రెసిస్టర్ పెడితే ఒక ఆంపియరు, 5 వాట్లు. రెసిస్టర్ మాత్రం కనీసం 10 వాట్లది ఉండాలి, అప్పుడు కూడా చేయి కాలేంత వేడెక్కుతుంది. బల్బు కలిపే ముందు, కలిపాక 12 వోల్టుల లైను ఎంత కదిలిందో చూస్తే ఖాళీ పరీక్ష ఎన్నడూ చెప్పని సంగతి తెలుస్తుంది. 12.1 నుంచి 12.0కి జారితే నిశ్చింత. 11.3కి పడిపోతే, లేదా అరగంట తరవాత మెల్లగా దిగజారుతూ పోతే, దాన్ని కంప్యూటరులో పెట్టకూడదు. డబ్బా మీది లేబుల్‌ను చదవడం కూడా పరీక్షలో భాగమే. పైన 450 వాట్లని అచ్చువేసి, కింద 12 వోల్టుల గీతలో 16 ఆంపియర్లే రాసి ఉంటే, నేటి కంప్యూటరుకు నిజంగా అక్కరకొచ్చే శక్తి 192 వాట్లే.

చేతిలో ఇమిడే టెస్టర్లు ఉండగా ఇదంతా దేనికని అడగవచ్చు. కనెక్టర్ గుచ్చగానే అన్ని లైన్ల వోల్టేజీలూ, సిద్ధమనే కబురు ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో తెరమీద చూపే ఆ పరికరాలు ఉపయోగకరమైనవే. పిన్ను పొరపాట్లు జరగవు, సమయమూ కలిసొస్తుంది. కానీ అవి పెట్టే లోడు నామమాత్రం. కాబట్టి అవి చెప్పేది జెమ్ క్లిప్పూ మల్టీమీటరూ కలిసి చెప్పేదే, కాస్త శుభ్రంగా చెబుతాయి. రిపేరు పనిలో ఆరితేరినవాళ్లు చేసే ఆక్షేపణ దీనికంటే బలమైనది: మంచిదని తెలిసిన మరో సప్లైని ఆ కంప్యూటరుకు పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది కదా అని. తప్పు ఎక్కడుందో తేల్చడానికి అంతకంటే మంచి దారి లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే దాన్ని తిరగేసి, అనుమానం ఉన్న సప్లైని బాగున్న బోర్డుకు పెట్టి చూడటం మాత్రం తప్పు. వోల్టేజీ అదుపు తప్పిన సప్లై బోర్డును, డిస్కును కలిపి కాల్చేయగలదు. ఊరూపేరూ తెలియని పాత సప్లై, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సప్లై, పిడుగు పడ్డాక అనుమానం వచ్చిన సప్లై మదర్‌బోర్డును తాకే ముందు బల్బులను వెలిగించి తీరాలి. ప్రయోగశాలల పద్ధతీ ఇదే. 2004లో మొదలైన 80 ప్లస్ ధ్రువీకరణలో సప్లైని 20, 50, 100 శాతం లోడుల దగ్గర కొలుస్తారు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం అయితే గ్రాఫిక్స్ కార్డుల కుదుపులను తట్టుకోవడానికి రాసిన వాట్లకు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు మోయాలని అడుగుతుంది. ఖాళీగా తిరిగిన ఫ్యానుకు ఈ లెక్కల్లో చోటే లేదు.

ప్రమాదం విషయంలో మొహమాటం పనికిరాదు. బయటికి వచ్చే 12 వోల్టులు మనిషిని ఏమీ చేయవు, డబ్బా లోపలి సంగతి వేరు. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చగానే అది 325 వోల్టులవుతుంది. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్ ఉన్నవాటిలో 380 వోల్టులు దాటుతుంది. ఆ వోల్టేజీని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్ 330 మైక్రోఫారడ్లదైతే అందులో 24 జౌళ్ల దాకా శక్తి ఉంటుంది. ప్లగ్గు తీశాక అది దానంతట అదే ఖాళీ కావాలి, కానీ ఖాళీ చేసే రెసిస్టర్ పోయి ఉంటే కాదు. కాబట్టి ఇక్కడ చెప్పిన పరీక్షల్లో ఏదీ మూత విప్పి చేసేది కాదు. వెనక 115, 230 అని రాసిన ఎర్ర మీట ఉన్న పాత సప్లైలలో అది 230 వైపే ఉందని చూడాలి. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే పెద్ద కెపాసిటర్లు పేలతాయి. ఎర్త్ సంగతి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సప్లై ముందుభాగంలోని ఫిల్టరు కెపాసిటర్లు రెండు కరెంటు వైర్లనూ డబ్బా ఇనుముకు కలుపుతాయి. మూడో పిన్ను నిజంగా భూమికి చేరుతుంటే దానివల్ల ఏమీ కాదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉండి వెనక వైరు లేని పాత ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ఆ డబ్బా సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ, తాకితే చురుక్కుమంటుంది. కరెంటు తక్కువ కాబట్టి ప్రాణం తీయదు గానీ, డబ్బా లోపల ఇంకేదైనా ఇన్సులేషన్ తెగిన రోజున కాపాడే దారి ఆ ఇంట్లో లేదని అర్థం. క్యాబినెట్ నుంచి బయటికి తీసి బల్ల మీద చేతికి అందేలా పెట్టిన సప్లైకి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

పరీక్ష దాటి రోజువారీ వాడకానికి వస్తే, పాత ఏటీఎక్స్ సప్లై 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీలకు, చిన్న పంపులకు, కాలేజీ ప్రాజెక్టు సర్క్యూట్లకు మంచి ఆసరా. నీటితో చల్లబరిచే కంప్యూటర్లలో గొట్టాలు కారుతున్నాయా అని చూడటానికి మిగతా భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపును ఒక్కదాన్నే నడిపేది కూడా ఇలాగే. అయితే బల్ల మీద వాడే ప్రయోగశాల సప్లైలో కరెంటును ఇంతకు మించవద్దని తిప్పి పెట్టుకునే మీట ఉంటుంది, దీనిలో ఉండదు. 12 వోల్టుల లైను 20, 30 ఆంపియర్లు ఇచ్చే సత్తా ఉన్నది. మన సర్క్యూట్‌లో సన్న వైరు షార్ట్ అయితే సప్లై దాన్ని మామూలు లోడే అనుకొని కాలిపోయేదాకా కరెంటు పోస్తుంది. ప్రతి తీగకూ దాని స్థాయికి తగిన ఫ్యూజు పెట్టడం ఒక్కటే ఇందుకు మందు. కారు బ్యాటరీ చార్జ్ చేయడానికి దీన్ని నేరుగా తగిలించేవాళ్లున్నారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండడానికి 13.8 వోల్టుల పైన కావాలి కాబట్టి 12తో అది నిండదు. బాగా దిగిపోయిన బ్యాటరీ అయితే అదుపు లేకుండా కరెంటు గుంజుతుంది. రెండు విధాలా తప్పే. మోటార్లు మొదలయ్యేటప్పుడు గుంజే కరెంటుకు సప్లై ట్రిప్ కావడం మామూలే, అది సప్లై లోపం కాదు.

ఇంకో సంగతి వాడేవాళ్లందరూ గుర్తుంచుకోవాలి. కనెక్టర్ ఆకారం ఒకటే అయినంత మాత్రాన వైర్ల వరుస ఒకటే కాదు. 1990ల చివర డెల్ కంప్యూటర్లలో కొన్నింటికి ఏటీఎక్స్ కనెక్టరే ఉండేది, పిన్నుల అమరిక మాత్రం వేరు. ఊడదీసి పెట్టుకునే కేబుళ్లున్న నేటి సప్లైలలో సప్లై వైపు పిన్నులకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ కేబులు మరొకదానికి పెడితే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చి డిస్కు కాలిపోగలదు. 12 వోల్టులు ఒక్కటే ఇచ్చే 10 పిన్నుల కొత్త రకం సప్లైలకు పైన చెప్పిన పిన్ను అంకెలేవీ వర్తించవు. కాబట్టి ఏ సప్లైనైనా విడిగా నడిపే ముందు దాని లేబుల్, పిన్నుల పటం దగ్గర పెట్టుకోండి. కనీసం ఒక 21 వాట్ల బల్బునైనా వెలిగించి మీటరుతో చూడకుండా, అది బాగుందని ఎవరికీ మాట ఇవ్వకండి.